ఇన్వెస్టర్ సతాయిస్తున్నారా? మెలిక ఎక్కడుందో ఇలా పట్టుకోండి

సమస్య: ఔననరు, కాదనరు
మూడు సమావేశాలు బాగానే జరిగాయి. "వచ్చే నెల అమ్మకాల లెక్కలు పంపండి, చూద్దాం" అన్నారు. పంపారు. మళ్లీ అదే మాట.

కారణం: లోపం మీ లెక్కల్లో ఉండకపోవచ్చు. మీతో మాట్లాడే వ్యక్తికి నిర్ణయాధికారం లేకపోవచ్చు, వారి ఫండులో (పెట్టుబడుల కోసం పోగేసిన నిధిలో) కొత్త కంపెనీలకు సొమ్ము మిగలకపోవచ్చు, లేదా ఇంకెవరైనా ముందు దిగితే దిగుదామని గోడ మీద పిల్లిలా కూర్చుని ఉండవచ్చు. రేపు మీరు పైకొస్తే మొహం చెల్లదని ఎవరూ కాదని చెప్పరు.

పరిష్కారం: "ఆఖరిసారి చెక్కు ఎప్పుడు రాశారు? తుది నిర్ణయం ఎవరిది?" అని అడిగేయండి. నీళ్లు నమిలితే ఇక నెలకో ఈమెయిల్ చాలు.

సమస్య: టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల ముందస్తు పత్రం) మీద సంతకాలయ్యాక షేరు ధర తగ్గించమంటున్నారు
కారణం: ఖాతాలో ఎన్ని నెలల జీతాలకు డబ్బుందో మీరే చూపించారు. పెట్టుబడి పెడతామన్న మాట సాధారణంగా చట్టపరంగా వారిని కట్టిపడేయదు; ఇంకొకరితో మాట్లాడనని మీరిచ్చిన మాట మాత్రం మిమ్మల్ని కట్టేస్తుంది.

పరిష్కారం: మీరిచ్చే ఆ మాటకు గడువు 30 రోజులకు మించకూడదని, ధర మారిస్తే ఆ షరతు చెల్లదని సంతకానికి ముందే రాయించుకోవాలి.

సమస్య: వాల్యుయేషన్ (కంపెనీకి కట్టే విలువ) అడిగినంత ఇస్తూ ఒక్క పదం దగ్గర పట్టుబడుతున్నారు
ఆ పదం 'పార్టిసిపేటింగ్' అయితే కాగితం, పెన్ను తీయండి. 10 కోట్ల విలువకు 2 కోట్లు పెట్టి 20 శాతం తీసుకున్నారనుకోండి. కంపెనీ చివరికి 5 కోట్లకే అమ్ముడుపోయింది. మామూలు లిక్విడేషన్ ప్రిఫరెన్స్ (కంపెనీ అమ్ముడుపోతే పెట్టిన సొమ్ము ముందుగా తీసుకునే హక్కు) అయితే తమ 2 కోట్లు తీసుకుని తప్పుకుంటారు. ఈ పదం ఉంటే మిగిలిన 3 కోట్లలోనూ 20 శాతం, అంటే ఇంకో 60 లక్షలు పట్టుకెళ్తారు. నన్నడిగితే, వాల్యుయేషన్ కాస్త తగ్గించుకునైనా ఆ పదాన్ని కొట్టించడమే మేలు.

సమస్య: డబ్బు వేసిన బంధువు రోజూ ఫోను చేస్తున్నారు
ఇది మా ఇంటి కథే. బాబాయి వరసైన ఒకాయన, "కాగితాలు తర్వాత చూసుకుందాంలే" అంటూ 15 లక్షలు నేరుగా జీతాల ఖాతాలో వేశారు. మా సీఏ తల పట్టుకున్నారు. కంపెనీల చట్టం, 2013లోని 42వ సెక్షన్ ప్రకారం షేర్ల కోసం ఇచ్చిన ఇలాంటి సొమ్ము విడిగా బ్యాంకు ఖాతాలో ఉండాలి. 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. లేదంటే మరో 15 రోజుల్లో తిరిగివ్వాలి, అదీ దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ. కేటాయించి, పీఏఎస్-3 ఫారం (షేర్ల కేటాయింపును కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలిపే పత్రం) దాఖలు చేసేదాకా రూపాయి ముట్టుకోకూడదు. సొమ్ము అదే రోజు వెనక్కి పంపి, కొత్త ఖాతా తెరిచి మళ్లీ వేయించాం.

ఫోన్లకు కారణం వేరు. స్థలం అమ్మి పెట్టిన డబ్బది. ఏళ్ల తరబడి తిరిగి రాకపోవచ్చని, మొత్తం పోవచ్చని ఆయనకు నేను చెప్పనేలేదు. చెప్పాక వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదికి నేనే ఫోను చేస్తున్నాను.