అద్దె ఇల్లు మారితే దివ్యాంగుల పింఛను ఏమవుతుంది? బదిలీ ఎలా చేయించుకోవాలి?

మొన్న ఒకటో తారీఖున మా వార్డు సచివాలయం దగ్గర ఒక తల్లిని చూశాను. నడవలేని కొడుకును ఆటోలో కూర్చోబెట్టి తానొక్కతే లోపలికి వచ్చింది. నరసరావుపేటలో ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేసి విజయవాడ వచ్చారు. అప్పటినుంచి రెండు నెలల పింఛను తీసుకోలేదు. "ఇక్కడ మా లిస్టులో మీ అబ్బాయి పేరు లేదమ్మా" అని సిబ్బంది చెప్పారు. వాళ్లు చెప్పింది నిజమే, కానీ అక్కడితో ఆపేశారు. ఆమె చేతిలో ఇంకో కాగితం ఉంది. జిల్లా మారారు కాబట్టి సదరం పరీక్ష (వైకల్య శాతం తేల్చే వైద్య పరీక్ష) మళ్లీ చేయించుకోవాలని చెప్పి, స్లాటు ఇప్పిస్తానంటూ వీధిలో ఒకాయన మూడు వేలు తీసుకున్నాడట. ఆ మూడు వేలూ పోయినట్టే. ఆయన చెప్పిన పని ఆమెకు అవసరమే లేదు.

ఇల్లు మారే కాలంలో ఇలాంటివి తరచూ చూస్తున్నాను. మా తమ్ముడిది దివ్యాంగుల పింఛనే. వాడితో కలిసి ఆరేళ్లలో మూడు అద్దె ఇళ్లు మారాం. అందుకే ఈ విధానాన్ని, ముఖ్యంగా జనం ఎక్కడ తడబడుతున్నారో, రాస్తున్నాను. ఇది ప్రధానంగా ఆంధ్రప్రదేశ్ వాళ్లకు. తెలంగాణ సంగతి చివర్లో కొంత చెబుతాను.

ముందు భయం తీరే మాట. ఇల్లు మారినంత మాత్రాన వైకల్య శాతం మారదు, సర్టిఫికెట్ చెల్లకుండా పోదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 58వ సెక్షన్‌లోనే వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుందని రాసి ఉంది. పల్నాడు జిల్లాలో ఇచ్చిన కాగితం ఎన్టీఆర్ జిల్లాలోనూ చెల్లుతుంది, చెన్నైలోనూ చెల్లుతుంది. యూడీఐడీ కార్డూ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) అంతే. మళ్లీ పరీక్షకు రమ్మని ప్రభుత్వం మీ పేరు మీద నోటీసు ఇస్తే తప్పకుండా వెళ్లాలి, అది వేరే సంగతి. "ఇల్లు మారారు కాబట్టి కొత్త సదరం కావాలి" అని ఎవరైనా చెబితే మాత్రం రూపాయి ఇవ్వకండి.

రెండో మాట, పింఛనుకు మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టకండి. మీకు కావాల్సింది బదిలీ. ఈ రెంటికీ తేడా తెలియక నష్టపోయిన వాళ్లు చాలామంది ఉన్నారు. పాత పింఛను రద్దు చేయించుకుని కొత్త ఊళ్లో దరఖాస్తు పెడితే, మంజూరయ్యేదాకా చేతికి ఏమీ రాదు. కొత్త మంజూర్లు ప్రభుత్వం ఎప్పుడు తెరిస్తే అప్పుడే. బదిలీలో మీ పింఛను ఐడీ మారదు, ఒక సచివాలయం జాబితాలోంచి ఇంకో సచివాలయం జాబితాలోకి పేరు వెళుతుంది, అంతే. పాత ఊళ్లో ఎవరైనా "శాశ్వత వలస అని రాసి సంతకం పెట్టండి, అక్కడ మళ్లీ ఇస్తారు" అంటే ఆ సంతకం పెట్టకండి.

బదిలీ దరఖాస్తులో పెద్దగా ఏమీ ఉండదు. పింఛను ఐడీ, ఆధార్ జిరాక్స్, ఫోన్ నంబరు, కొత్త ఇల్లు ఏ సచివాలయం కిందికి వస్తుందో దాని పేరూ కోడూ. ఆ కోడు కోసం ఇల్లు చూసుకున్న రోజే కొత్త వీధిలోని సచివాలయానికి వెళ్లి ఒక కాగితం మీద రాయించుకోండి. పట్టణాల్లో ఒకే రోడ్డుకు ఈ పక్క ఒక సచివాలయం, ఆ పక్క ఇంకొకటి ఉంటాయి. పక్కింటి వాళ్లను అడిగి రాసుకుంటే తప్పు చోటికి పోయే ప్రమాదం ఉంది. దరఖాస్తు పాత ఊళ్లోనే, ఊరు వదలకముందే, వెల్ఫేర్ అసిస్టెంటుకు ఇవ్వడం మంచిది. అప్పటికి మీ పింఛను వాళ్ల లాగిన్‌లోనే ఉంటుంది, మీరెవరో వాళ్లకు తెలుసు. రసీదు అడిగి తీసుకోండి. నోటిమాట మీద వెనక్కి రావద్దు.

బదిలీ ఆప్షన్ అన్ని రోజులూ తెరిచి ఉండదు. నెలాఖరుకల్లా తర్వాతి నెల జాబితాలు సిద్ధమైపోతాయి కాబట్టి, నెల మొదటి సగంలోనే ఇవ్వగలిగితే మేలు. ఆప్షన్ మూసి ఉందని చెబితే కంగారు పడకండి. ఒక నెల పింఛను తీసుకోకపోతే రెండో నెలలో రెండూ కలిపి ఇస్తారు. రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో మూడూ కలిపి ఇస్తారు. దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 కాబట్టి మూడు నెలలకు 18,000 అవుతుంది. మూడో నెలా వదిలేస్తే మాత్రం మీరు ఊరు విడిచి వెళ్లిపోయారని లెక్కగట్టి పింఛను ఆపేస్తారు. మళ్లీ తెరిపించుకోవడం చాలా కష్టం.

పైన చెప్పిన తల్లికి ఆ రోజే ఆ మూడో నెల ఒకటో తారీఖు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పంపిణీ ఒకటిన మొదలై మిగిలినవాళ్లకు మర్నాడు కూడా నడుస్తుంది కదా అని, కొడుకుతో సహా నేరుగా నరసరావుపేట వెళ్లమన్నాం. వేలిముద్రకు గానీ ముఖ గుర్తింపుకు గానీ మనిషి ఉండాలి, తల్లి ఒక్కతే వెళితే లాభం లేదు. అదే ఆటోలో బస్టాండుకు వెళ్లారు.

అసలు చిక్కు: ఇంటి మ్యాపింగ్, కరెంటు మీటరు

బదిలీ అయ్యాక కూడా నాలుగైదు నెలలకు పింఛను మీద "అనర్హత" అని వచ్చిన వాళ్లున్నారు. వీళ్లు ఏ తప్పూ చేయలేదు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

సచివాలయంలో ప్రతి కుటుంబానికీ ఒక లెక్క ఉంటుంది. ఎవరెవరు ఒకే ఇంట్లో ఉన్నారు, ఆ ఇంటికి ఏ మీటరు ఉంది, కారు ఉందా, ఆదాయపన్ను కట్టేవాళ్లున్నారా, ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా అని. దీన్నే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. పథకాలకు అర్హత చూసేటప్పుడు మనిషిని విడిగా చూడరు, ఆ ఇంటి మొత్తాన్ని చూస్తారు. నెలవారీ ఆదాయం పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. కరెంటు వాడకం ఏడాది సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదు. అద్దెకున్న వాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఈ 300 యూనిట్ల నిబంధనే.

మూడు పోర్షన్ల ఇంటికి ఒకటే మీటరు ఉందనుకోండి. కింద ఓనర్లు, పైన రెండు కుటుంబాలు. ఓనరింట్లో ఏసీ ఉంది. మీరు వాడేది రెండు ఫ్యాన్లు, ఒక లైటు. ఎప్పుడో ఒక సర్వేలో ఎవరో ఆ మీటరు సర్వీసు నంబరుకు మీ ఆధార్ జోడిస్తే, ఆ ఇంటి వాడకమంతా మీ ఖాతాలో పడుతుంది. మీరు ఆ ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లయినా ఆ జోడింపు పోదు. ఎవరో ఒకరు పూనుకుని తీయించాల్సిందే. మా తమ్ముడి విషయంలో జరిగింది ఇదే. మేం వదిలేసిన ఇంటి మీటరు వాడి పేరు మీద అలాగే ఉండిపోయింది. ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చిన వాళ్లు పెద్ద ఫ్రిజ్, ఏసీ పెట్టుకున్నారు. మాకు తెలిసేసరికి పింఛను ఆగింది. తిరిగి తెరిపించడానికి నేను పదకొండుసార్లు తిరిగాను.

కాబట్టి ఇల్లు మారినప్పుడు చేయాల్సిన పని ఒకటుంది, దాదాపు ఎవరూ చేయడం లేదు. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు దగ్గర మీ ఆధార్ నంబరు ఇచ్చి, దాని మీద ఏ కరెంటు సర్వీసు నంబరు ఉందో చూపించమని అడగండి. పాత ఇంటిదే ఉంటే, పాత ఊళ్లోని విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసులో "నేను ఈ ఇల్లు ఫలానా తేదీన ఖాళీ చేశాను, ఈ సర్వీసు నుంచి నా ఆధార్ తొలగించగలరు" అని అర్జీ ఇవ్వండి. పాత కరెంటు బిల్లు జిరాక్స్, కొత్త ఇంటి అద్దె ఒప్పందం జత చేయండి. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. ఈ ఒక్క కాగితం నాకు ముందే ఉండి ఉంటే ఆ పదకొండు తిరుగుళ్లూ ఉండేవి కావు.

కొత్త ఇంటి దగ్గర ఇంకో జాగ్రత్త. వీలైతే మీ పోర్షనుకు విడిగా మీటరున్న ఇల్లే చూసుకోండి. అద్దె రెండొందలు ఎక్కువైనా సరే. సబ్‌మీటరు వేరు, సర్వీసు నంబరున్న మీటరు వేరు. ఓనరు లెక్క చూసుకోవడానికి పెట్టుకున్న సబ్‌మీటరు ప్రభుత్వం దగ్గర కనబడదు.

మ్యాపింగ్‌లో ఇంకో గుంట ఉంది. ఇల్లు మారడమంటే కొందరికి అన్నదమ్ముల ఇంటికి చేరడం. ఒక దివ్యాంగురాలు, పెళ్లి కాలేదు, తల్లిదండ్రులు పోయారు, తమ్ముడు అద్దెకుంటున్న ఇంట్లో పక్క గదిలోకి వచ్చింది. సిబ్బంది ఆమెను తమ్ముడి కుటుంబంలో కలిపేస్తే, తమ్ముడి ఉద్యోగం, తమ్ముడి కారు ఆమె పింఛనుకు అడ్డం పడతాయి. నిజంగా వంట వేరు, రేషన్ కార్డు వేరు అయితే, ఆ మాట స్పష్టంగా చెప్పి వేరే కుటుంబంగానే నమోదు చేయమని అడగండి. ఈ-కేవైసీకి వేలు పెట్టేముందు తెర మీద ఎవరెవరి పేర్లు ఉన్నాయో చదివించుకోండి. చూపు లేనివాళ్లు పక్కన నమ్మకమైన మనిషిని ఉంచుకోండి. అబద్ధం చెప్పమనడం లేదు. ఉన్నది ఉన్నట్టు నమోదయ్యేలా చూసుకోమంటున్నాను.

ఆధార్ చిరునామా, అద్దె కాగితం

"ఆధార్‌లో అడ్రసు మార్చాం కదా, అన్నీ అవే మారతాయి" అనుకునే వాళ్లు చాలామంది. మారవు. ఆధార్ వేరు, సచివాలయం మ్యాపింగ్ వేరు, పింఛను జాబితా వేరు. ఒకదాన్ని మారిస్తే ఇంకొకటి కదలదు. అయినా ఆధార్ మార్చుకోవడం మంచిదే. ఆధార్ కేంద్రంలో చిరునామా మార్పుకు 75 రూపాయలు (2025 అక్టోబరు దాకా 50 ఉండేది). అంతకు మించి అడిగితే రసీదు చూపించమనండి. అద్దె ఒప్పందం మీ పేరున లేకపోతే, ఇంటి పెద్ద అనుమతితో వాళ్ల చిరునామాకు మార్చుకునే పద్ధతి ఆన్‌లైన్‌లో ఉంది. బంధుత్వం చూపే కాగితం కావాలి, ఇంటి పెద్ద 30 రోజుల్లో ఒప్పుకోవాలి.

అద్దె కాగితం రాసివ్వడానికి ఓనర్లు జంకుతారు. ఇల్లు కాజేస్తారేమోనని కొందరికి అనుమానం. పదకొండు నెలల ఒప్పందమే అడగండి. ఇళ్ల అద్దెకు మామూలుగా ఇదే ఆనవాయితీ. పింఛను కోసం, ఆధార్ కోసం అని విడమరచి చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

రేషన్ గురించి తొందర అక్కర్లేదు. కార్డు పాత ఊరి చిరునామాతో ఉన్నా రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు. కార్డులో చిరునామా మార్పు సచివాలయంలో నింపాదిగా చేయించుకోండి.

ఇంటి స్థలం, సొంతిల్లు పథకాల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. అద్దెకుండటం అడ్డంకి కాదు, సొంత ఇల్లు లేదనడానికి అదే గుర్తు. కానీ స్థలాల జాబితాలు ఊరి వారీగా, వార్డు వారీగా తయారవుతాయి. పాత ఊళ్లో దరఖాస్తు పెట్టి వచ్చేస్తే, విచారణకు వచ్చినవాళ్లకు ఆ ఇంట్లో మీరు కనబడరు. "స్థానికంగా లేరు" అని రాసి పోతారు. కొత్త ఊళ్లో అసలు పేరే ఉండదు. మ్యాపింగ్ మారిన రోజే పాత దరఖాస్తు నంబరుతో వెళ్లి దాని పరిస్థితి అడగండి. ప్రభుత్వ గృహ పథకాల్లో దివ్యాంగులకు 5 శాతం కేటాయించాలని అదే 2016 చట్టం 37వ సెక్షన్ చెబుతోంది, అందులోనూ మహిళలకు ప్రాధాన్యం. అర్జీలో ఈ సెక్షన్ నంబరు రాయండి. నంబరు ఉన్న అర్జీని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఏపీ పింఛను రాష్ట్రం దాటి బదిలీ కాదు. ఏ చికిత్స కోసమో రెండు నెలలు వెళితే ఇబ్బంది లేదు, మూడో నెలలో వచ్చి తీసుకోవచ్చు. స్థిరపడేటట్టయితే అక్కడి పింఛనుకు విడిగా దరఖాస్తు చేసుకోవాలి, రెండు చోట్లా తీసుకోకూడదు.

తెలంగాణలో దివ్యాంగుల చేయూత పింఛను 4,016. పట్టణాల్లో బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి ఇల్లు మారినా వెంటనే ఆగదు. పల్లెల్లో పోస్టాఫీసు ద్వారా ఇస్తారు కాబట్టి మార్పు కోసం ఎంపీడీఓ కార్యాలయంలో అర్జీ పెట్టాలి. అక్కడ అద్దెవాళ్లు మరిచిపోయేది గృహజ్యోతి. 200 యూనిట్ల ఉచిత కరెంటు అద్దె ఇళ్లకూ వర్తిస్తుంది. కానీ అది మీటరుకు ముడిపడి ఉంటుంది, మీ వెంట దానంతటదే రాదు. కొత్త ఇంటి బిల్లు మీది సర్వీసు నంబరుతో ప్రజాపాలన కేంద్రంలో మార్పించుకోవాలి.

ఎక్కడైనా పని ఆగితే, ఆంధ్రలో ప్రతి సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీ ఉచితం, నంబరు ఇస్తారు. రాసిపెట్టేవాళ్లు గేటు బయట డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు. తెల్లకాగితం మీద మీ మాటల్లో రాసినా తీసుకుంటారు.

నరసరావుపేట వెళ్లిన తల్లి మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది. మూడు నెలలవీ ఇచ్చారట, బదిలీ కాగితం కూడా అక్కడే ఇచ్చి వచ్చింది. రసీదు తీసుకున్నారా అని అడిగాను. తీసుకుంది. ఈ నెల ముప్పయ్యో తారీఖున కొత్త సచివాలయానికి వెళ్లి, జాబితాలో పేరు వచ్చిందో లేదో చూసుకోమన్నాను. రాకపోతే ఒకటిన మళ్లీ నరసరావుపేట బస్సెక్కడానికి ఒక రాత్రి వ్యవధి ఉంటుంది.