మినీ ట్రాక్టర్‌తో అంతరకృషి (సాళ్ళ మధ్య కలుపు తీసి నేల గుల్ల చెయ్యడం) చెయ్యాలంటే రెండు టైర్ల మధ్య వెడల్పు, సాలు దూరం ఎలా కుదర్చాలి?

మా దర్శి వైపు మిరప, వంగ వేసేవాళ్ళు ఏటా చేసే తప్పే ఇది. నారు నాటేసి, కలుపు లేచాక మినీ ట్రాక్టర్ తెచ్చి, టైరు ఎక్కడ పడుతుందా అని అప్పుడు చూస్తారు. ముందు టైరు, తర్వాత సాలు, ఆ తర్వాతే నారు.

జాకీ, పానాలు, టేపు, గట్టి చెక్క దిమ్మెలు, దంతెలు (నేలని గీసే పళ్ళు) పక్కకి జరిపే గొర్రు ఉంటే చాలు. చదునైన చోట బండి ఆపి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ఇరుసు కింద దిమ్మెలు పెట్టాకే చక్రం విప్పండి. వెనక చక్రాల రిమ్ము (టైరు కూర్చునే వలయం), డిస్కు (దాని మధ్య రేకు) తిప్పి బిగిస్తే రెండు టైర్ల మధ్య వెడల్పు మారుతుంది, ఎలా తిప్పితే ఎంతొస్తుందో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. టైరు మీది బాణం ముందుకి తిరిగేలా ఉండాలి. ముందు చక్రాలు కూడా వెనక వాటి జాడలోనే నడవాలి.

ఇక అందరూ చెడగొట్టేది కొలత దగ్గరే. టైరు బయటి అంచు నుంచి బయటి అంచుకి కాదు, మధ్య నుంచి మధ్యకి కొలవాలి. 8 అంగుళాల టైరైతే అంచులు పట్టుకుంటే లెక్క 8 అంగుళాలు ఎక్కువొస్తుంది, ఆ లెక్కతో సాళ్ళు వేస్తే ఇక చేసేదేం లేదు. నేనైతే ఇరుసు దగ్గర కొలవను. తడి ఆరీ ఆరని నేల మీద ఇరవై అడుగులు బండి నడిపి, దిగి, జాడలో లగ్గుల (టైరు మీది ఎత్తు గట్ల) గుర్తులు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే చోట టేపు పెట్టి మూడు నాలుగు చోట్ల చూస్తా. మేం 30 అనుకుంటే 32 వచ్చింది. వెడల్పు మెట్లు మెట్లుగానే మారుతుంది, మనం అనుకున్న అంకె రాదు. 32 వస్తే సాలు కూడా 32 అంగుళాలే, బండి కింద ఒక సాలు, టైర్లు రెండూ సాళ్ళ నడుమ. మిరపకి 24 చాలంటారు కొందరు, నేను ఒప్పుకోను, కొమ్మలు కలిశాక ఆ సందులో మనిషే పట్టడు, ఇంక బండేం పడుతుంది?

ఇప్పుడు సాళ్ళ గుర్తులు. గొర్రుకి మూడు దంతెలే ఉంచి 32 అంగుళాల ఎడంలో బిగించండి. మధ్య దంతెకి రెండు టైర్ల నుంచీ ఒకే దూరం ఉండాలి. గొర్రుని చేత్తో పక్కకి నెట్టి చూడండి, ఊగితే గొర్రుని పక్కలకి పట్టి ఉంచే గొలుసులు బిగించండి, అది ఊగినంతా రేపు మొక్క వేళ్ళ మీద పడుతుంది. మొదటి సాలు తాడు కట్టి తోలండి. తిరిగి వచ్చేటప్పుడు చివరి దంతె పాత గీతలోనే పడాలి. ఈ ఒక్కటీ పాటిస్తే ఒక విడతకీ ఇంకో విడతకీ మధ్య అతుకు సాలు వంకర రాదు. అడుగులతో కొలిచి తాళ్ళు లాగేవాళ్ళకి గీత తిన్నగానే వస్తుంది గానీ, మనిషి మారితే ఎడం మారిపోతుంది.

కలుపు తీసేటప్పుడు మధ్య దంతె తీసెయ్యండి. మిగతావి, గుర్తుల కోసం విప్పినవి కూడా మళ్ళీ బిగించి, మొక్కకి కనీసం 6 అంగుళాలు వదిలి, ఒక్కో దంతె టైరు వెనకే పడేలా పెట్టండి, టైరు తొక్కి గట్టిపడ్డ నేల అక్కడ గుల్లవుతుంది. మనకి అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే, పదును రెండు మూడు రోజులుంటే గొప్ప, ఆ రోజు చేలో నిలబడి నట్లు విప్పే పని పెట్టుకోకండి.

చిన్న గేరులో పది అడుగులు పోయి, దిగి, మొక్క మొదలు చూడండి. గంట పని అయ్యాక చక్రాల నట్లు మళ్ళీ బిగించండి.