డ్యూటీ చార్ట్ చూసి క్రిస్మస్: ఆస్పత్రి ఉద్యోగులున్న ఇంట్లో ఆలస్యంగా పండుగ చేసుకోవడం ఎలా?

తెలంగాణలో డిసెంబర్ 25, 26 రెండు రోజులూ సర్కారు సెలవులే. ఆస్పత్రిలో మాత్రం ఓపీ మూస్తారు, అంతే. క్యాజువాలిటీకి, లేబర్ రూముకి, ఐసీయూకి సెలవంటూ ఉండదు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, ఏ ఊరి ఆస్పత్రిలో చూసినా నర్సుల్లో క్రైస్తవులు చాలామందే ఉంటారు. అందరం ఒకే రోజు ఆఫ్ అడిగితే వార్డు ఎవరు చూస్తారు? అందుకే ఏటా మాలో కొందరికి పండుగ రోజే డ్యూటీ పడుతుంది. తర్వాత ఎప్పుడో వీలు చూసుకుని ఇంట్లో పండుగ చేస్తారు. ఆ చేసే తీరు చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషి పొయ్యి ముందు తూగుతుంటే, హాల్లో కూర్చున్న చుట్టాలు "ఇంకెంతసేపు వదినా?" అని అడిగే పండుగలు ఇక చాలు.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. జనవరి డ్యూటీ చార్ట్ ఫోటో, గోడ క్యాలెండర్, ఎర్ర పెన్ను, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు, చెప్పిన మాట వినే మనిషి ఇంట్లో ఒకరు. చివరిది దొరకడమే కష్టం.

1. పెద్దవాళ్లను ఒప్పించండి

"క్రీస్తు పుట్టిన దినం దాటినంక పండుగేంది బిడ్డా?" అని అమ్మ అడుగుతుంది. అత్తమ్మ నోటితో అడగదు, ముఖం అడుగుతుంది. ఇద్దరికీ ఒకటే జవాబు. యేసు ఏ తారీఖున పుట్టాడో బైబిల్లో లేదు. డిసెంబర్ 25న పండుగ చేసినట్టు దొరికే పాత ఆధారం రోము నగరంలోది, క్రీ.శ. 336 నాటిది. ఆర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే జన్మదినం చేస్తుంది. రష్యా, ఇథియోపియా సంఘాలవారికి జనవరి 7. రష్యావాళ్ల చర్చి క్యాలెండర్ మనకంటే 13 రోజులు వెనక నడుస్తుంది మరి. మన క్యాథలిక్కులకు జనవరి 6 సంప్రదాయంగా ముగ్గురు రాజుల పండుగ. ఆ తూర్పు దేశపు జ్ఞానులు కూడా అదే రాత్రి రాలేదు. మత్తయి రెండో అధ్యాయం తీసి చదివించండి, వాళ్లు వచ్చింది ఇంట్లోకి, పశువుల పాకలోకి కాదు. ఇంతకంటే ఎక్కువ వాదించకండి. పెద్దవాళ్లతో వాదన గెలిస్తే పండుగ ఓడిపోతుంది.

2. నవంబర్‌లోనే బేరం పెట్టండి

చార్ట్ గోడకెక్కాక మార్చమంటే హెడ్ నర్సుకు తలనొప్పి, మీకు చెడ్డపేరు. నవంబర్ చివర్లోనే వెళ్లి, "25న నేను చేస్తాను సిస్టర్, పసిపిల్లలున్నవాళ్లకు ఆఫ్ ఇవ్వండి. నాకు జనవరి 1 దాటాక, మొదటి వారంలో వరుసగా రెండు ఆఫ్‌లు కావాలి" అనండి. ఆ వారంలో ఆఫ్ ఎవరికీ అక్కర్లేదు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన, జనవరి 1 అయిపోయి ఉంటాయి. సంక్రాంతి ఇంకా రాలేదు. సంక్రాంతి రోజు డ్యూటీ కూడా మీరే చేస్తానంటే ఇక మీ మాటకు తిరుగుండదు. ముగ్గులు, పతంగుల కోసం ఊరికి పోవాలనుకునే తోటి సిస్టర్లు మీకోసం హెడ్ నర్సు దగ్గర సిఫార్సు కూడా చేస్తారు.

నోటి మాట మీద ఉండకండి. మార్పిడి ఏదైనా చార్ట్ మీద రాయించి, పక్కన హెడ్ నర్సు సంతకం పెట్టించి, ఫోటో తీసుకోండి.

3. తేదీ పెట్టడం: అందరూ బోల్తా పడేది ఇక్కడే

మిగతావన్నీ అటూ ఇటూ అయినా పండుగ నడిచిపోతుంది. ఇది తప్పితే నడవదు. అందుకే నెమ్మదిగా చదవండి, ఇంట్లోవాళ్లతో చదివించండి.

సర్కారు ఆస్పత్రుల్లో మామూలుగా షిఫ్టులు మూడు: ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8. నైట్లు వరుసగా చేశాక ఆఫ్ ఇస్తారు. ఉదాహరణకు జనవరి 4 రాత్రి మీ చివరి నైట్ అనుకోండి. చార్టులో 5, 6 తేదీల కింద ఆఫ్ అని ఉంటుంది. ఇంట్లోవాళ్లు అది చూసి, "5న ఖాళీయే కదా" అని చుట్టాలందరికీ ఫోన్లు చేస్తారు.

5 ఖాళీ కాదు. 5 పొద్దున 8 గంటలకు మీరింకా వార్డులోనే ఉంటారు. రిలీవర్ రావాలి. మంచం మంచం తిరిగి హ్యాండోవర్ ఇవ్వాలి, ఎవరికి ఏ సెలైన్ నడుస్తోందో, ఎవరి రిపోర్టు ల్యాబ్ నుంచి రావాల్సి ఉందో చెప్పాలి. మందుల లెక్క ఒప్పజెప్పాలి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. స్నానం చేసి పడుకుంటే మధ్యాహ్నం మూడింటికి లేస్తారు. లేచినా తల దిమ్ముగానే ఉంటుంది, ఆకలి ఉండదు, ఎవరేం మాట్లాడినా చిరాకు. అలాంటి మనిషికి కొత్త చీర కట్టించి కేకు కోయించడం పండుగ కాదు, శిక్ష.

కాబట్టి నియమం ఒక్కటే: నైట్ దిగిన రోజు నిద్రకు, దాని మర్నాడు పండుగకు. పై లెక్కలో 6న పండుగ.

ఆ 5వ తేదీ నిద్రకూ ఒక పద్ధతుంది. కిటికీలకు మందపాటి దుప్పటి కట్టి గది చీకటి చేయండి. వెలుతురు పడితే శరీరం పగలే అనుకుంటుంది, నిద్ర పట్టినా నిలవదు. దిగే ముందు టీ తాగకండి. మూడింటికల్లా లేవాలి, ఇంకా నిద్ర వస్తున్నా సరే. సాయంత్రం దాకా పడుకుంటే ఆ రాత్రి పన్నెండు దాటినా కన్ను మూతపడదు, 6 పొద్దున మళ్లీ నైట్ చేసినట్టే ఉంటుంది. ఆ రోజు ఇంటికి ఎవరూ రాకూడదు. "ఊరికే ఒక పూట ముందే వస్తాం, పనిలో సాయం చేస్తాం" అనేవాళ్లు అసలు రాకూడదు. సాయం చేసేవాళ్లకు టీ పెట్టడానికి ఇంకొకరి సాయం కావాలి. ఇంకో మాట, నైట్ దిగి స్కూటీ మీద నార్కట్‌పల్లికో దేవరకొండకో పోయే సాహసం వద్దు. బండి మీద కునుకు వస్తుందని ముందు తెలియదు. బస్సెక్కండి.

పండుగ మర్నాడు ఏ షిఫ్టో కూడా చూడాలి. మధ్యాహ్నం 2 గంటల షిఫ్టు అయితే భేషు. ఉదయం 8 అయితే పండుగ రాత్రి తొమ్మిదికల్లా గిన్నెలు కడిగి లైట్లు ఆర్పాలి.

ఒక్కటే ఆఫ్ దొరికితే ఏం చేయాలని అడుగుతారు. అప్పుడు పండుగ సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టి రాత్రి భోజనంతో ముగించండి. మధ్యాహ్నం భోజనానికి పిలవకండి, ఎంత దగ్గరివాళ్లయినా సరే. భార్య నర్సు, భర్త 108 అంబులెన్సులో పైలట్ (అంటే డ్రైవర్) లాంటి ఇళ్లలో ఇద్దరి చార్టులూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇద్దరికీ కలిసిన పూట ఏదైనా అదే పండుగ. ఇంకో దారి లేదు.

ఆదివారం మాత్రం పెట్టకండి. చర్చి నుంచి వచ్చేసరికి ఒంటిగంట అవుతుంది, మటన్ షాపు దగ్గర ఊరంతా ఉంటుంది. వారం మధ్యలో పెట్టి, ఆఫీసులవాళ్లను పూట సెలవు పెట్టుకోమనండి. మన కోసం ఒక్క పూట సెలవు పెట్టనివాళ్లు రాకపోయినా నష్టం లేదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లుంటే సంక్రాంతికి ముందు రెండు మూడు రోజులు అస్సలు వద్దు. 65వ నంబర్ జాతీయ రహదారి మీద ఆంధ్రాకు పోయే కార్లన్నీ పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరతాయి. నల్లగొండ వంద కిలోమీటర్లే కదా అని బయల్దేరినవాళ్లు మటన్ చల్లారాక దిగుతారు. గురుకులంలో చదివే పిల్లలున్న ఇళ్లకు ఈ లెక్క కుదరదు, వాళ్లు వచ్చేదే సంక్రాంతి సెలవులకు. అలాంటివాళ్లు రద్దీ తగ్గాక, సంక్రాంతి మర్నాడో ఆ పై రోజో పెట్టుకోండి.

4. డిసెంబర్ 25న ఏం మిగల్చాలి

పిల్లలను 25న చర్చికి పంపండి, కొత్త బట్టలు వేయండి. దానికి అడ్డు చెప్పకండి. కానీ మూడు ఆపాలి: ఇంట్లో కేకు కోయడం, కానుకలు విప్పడం, నక్షత్రం దించడం. ఈ మూడూ 25నే అయిపోతే తర్వాత జరిగేది వట్టి మటన్ భోజనం. కానుకల పొట్లాలు బీరువా పైన, పిల్లలకు కనిపించేలా, అందకుండా పెట్టండి. వాకిట్లో నక్షత్రం జనవరి దాకా వెలుగుతుంటే పక్కింటివాళ్లు అడుగుతారు. అడగనివ్వండి.

డ్యూటీలో ఉన్న మనిషికి వీడియో కాల్ చేయాలనుంటే ముందు మెసేజ్ పెట్టండి. మందులిచ్చే వేళ ట్రే చేతిలో ఉండగా జేబులో ఫోన్ మోగితే ఆ టెన్షన్ మీకు తెలియదు.

5. వంట

మొదటి నియమం: ఆస్పత్రి మనిషి వండదు. కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తానన్నా ఒప్పుకోకండి.

బిర్యానీ వద్దు, బగారా అన్నం, మటన్ కూర పెట్టండి. బిర్యానీకి దమ్ము తీసే సమయం ఉంటుంది, అది దాటితే అడుగంటుతుంది, లేదా మెతుకు ముద్దవుతుంది. ఆస్పత్రి మనిషి ఉన్న ఇంట్లో భోజనం వేళ ఎప్పుడూ గట్టిగా చెప్పలేం. బగారా అన్నం ఓపికగా ఆగుతుంది. షాజీర, లవంగాలు, యాలకులు, పుదీనా, అల్లం వెల్లుల్లి, అంతే. అయినా వాసన వాకిట్లోకి వస్తుంది. మటన్ కూర ఆగిన కొద్దీ రుచి పెరుగుతుంది. బిర్యానీ లేకుండా పండుగేమిటని బావమరుదులు గొణుగుతారు, రెండోసారి వడ్డించుకునేటప్పుడు మానేస్తారు.

గులాబీ పువ్వులు, గరిజెలు డిసెంబర్‌లోనే చేసి డబ్బాలకెత్తండి. తేమ తగలకపోతే పువ్వులు ఆ నాటికి కూడా కరకరలాడతాయి. అచ్చును కాగే నూనెలో బాగా వేడెక్కించి, అప్పుడు పిండిలో ముంచాలి. ముంచేటప్పుడు పైఅంచు పిండిలో మునగకూడదు. మునిగితే పువ్వు అచ్చును వదలదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటుకోనే అంటుకోదు. కేకు అయితే ప్లమ్ కేకే తెచ్చుకోండి, నిల్వ ఉంటుంది. క్రీము కేకు పుట్టినరోజులకు.

6. పండుగ రోజు

పాస్టరయ్యగారిని పిలిస్తే మంచిదే. జనవరి 1 దాటాక ఆయనకూ కాస్త తీరిక ఉంటుంది. ప్రార్థన ఎన్నింటికో చెప్పినట్టే, భోజనం ఎన్నింటికో కూడా చెప్పండి. లేకపోతే వాక్యం సాగుతూనే ఉంటుంది, పిల్లల చూపు వంటింటి మీదే ఉంటుంది. ఒక పాట, ఒక వాక్యం, ప్రార్థన, తర్వాత కేకు, తర్వాత కానుకలు, చివర భోజనం. ఈ వరస మార్చకండి. భోజనం ముందు పెడితే కానుకల వేళకు సగం మంది నిద్రపోతారు.

ఫోన్ సంగతి. వార్డు గ్రూపులో "స్టాఫ్ షార్ట్ ఉంది, ఎవరైనా రాగలరా?" అని మెసేజ్ రానే వస్తుంది. ముందు రోజే హెడ్ నర్సుకు చెప్పేయండి, "రేపు ఇంట్లో మా పండుగ, రాలేను" అని. చెప్పి ఉంటే ఆ మెసేజ్‌కు జవాబు ఇవ్వాల్సిన పని లేదు. ఫోన్ మాత్రం మరిదికో ఆడబిడ్డకో ఇచ్చేయండి. దగ్గరుంటే చూడకుండా ఉండలేం, చూస్తే మనసు వార్డులోనే ఉంటుంది.

ఫోటోలు భోజనానికి ముందే తీసుకోండి. సాయంత్రం నక్షత్రం దింపి, బల్బు తీసి, అట్టపెట్టెలో చుట్టి అటక మీద పెట్టండి. మిగిలిన గులాబీ పువ్వులు, ఒక కేకు ముక్క మర్నాటి డ్యూటీకి డబ్బాలో పెట్టుకుని, ఆ రెండు రోజులూ మీ బదులు చేసినవాళ్లకు ముందు ఇవ్వండి. వచ్చే డిసెంబర్ బేరం అక్కడే మొదలవుతుంది.