గుండె గురించి ఊళ్లో గంటన్నర ఉపన్యాసం: ఏర్పాట్ల నుంచి ప్రశ్నల దాకా

రాత్రి రెండింటికి ఇంట్లో మనిషి చెమటలు కక్కుతూ ఛాతీ పట్టుకుంటే పక్కనున్నవాళ్లు ఏం చేయాలి? ఉపన్యాసంలో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో ఈ ప్రశ్నే తేలుస్తుంది. కొలెస్ట్రాల్ రకాలు, ఈసీజీ గీతల పేర్లు, రక్తపోటు మందుల జాబితా దీనికి జవాబివ్వవు కాబట్టి వదిలేయండి. వైద్యం తెలిసినవాళ్లకు కష్టమైన పని ఇదే. తెలిసినదంతా చెప్పాలనిపిస్తుంది, నలభై నిమిషాలు దాటేసరికి వెనక వరుసలు ఖాళీ అవుతాయి.

ముందు ఆ ఊరి సంగతి కనుక్కోండి. రాత్రిపూట ఈసీజీ ఎక్కడ తీస్తారు? రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో ఉంటుంది? యాంజియోప్లాస్టీ, అంటే మూసుకున్న గుండె నాళాన్ని బెలూన్‌తో తెరిచే చికిత్స, చేసే చోటు ఎన్ని కిలోమీటర్లు? మూడింటికీ ఫోన్ చేసి నిర్ధారించుకుని, పేర్లూ దూరాలూ ఒక చార్టు మీద పెద్దక్షరాలతో రాసి వేదిక పక్కన కట్టండి. జనం ఫోన్లో ఫొటో తీసుకునేది దీన్నే, మీ స్లయిడ్లను కాదు.

హాలు, రోజు ఎంచుకునేటప్పుడు ఒక చిక్కుంది. ఈ పద్ధతిలో మేక గుండె కోసి చూపిస్తాం. గుడికి చెందిన కల్యాణ మండపం పనికిరాదు, కార్తీక మాసం అసలే వద్దు. బడి వరండా, పంచాయతీ హాలు, గ్రంథాలయం బాగుంటాయి. చూడలేనివాళ్లు ఆ పావుగంట బయట కూర్చోవచ్చని మొదట్లోనే చెప్పేయాలి. ఖర్చు భరిస్తామని ఏదైనా ఆసుపత్రి ముందుకొచ్చినా వాళ్ల బ్యానర్ కట్టనివ్వకండి. బ్యానర్ చూడగానే ఇది పేషెంట్లను పట్టుకెళ్లే క్యాంపు అనుకుంటారు, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి మాటనూ ఆ లెక్కలోనే వింటారు. ఉచిత బీపీ పరీక్ష కూడా వద్దు. అరవై మందికి ఒక్క మిషను, మనిషికి 3 నిమిషాలు అనుకున్నా 3 గంటలు. పైగా ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోకుండా, మాట్లాడుతూ చూపించుకున్న బీపీ ఎక్కువే చూపిస్తుంది, ఉత్తపుణ్యానికి భయం.

గుండె తేవడం, చూపించడం

మాంసం కొట్టువాడికి ముందురోజే చెప్పాలి. మామూలుగా వాళ్లు గుండెను నిలువునా చీల్చి, రక్తనాళాలను మొదలంటా కోసేస్తారు. అలా కోస్తే మహాధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టం) కవాటం పోతుంది, చూపించడానికి ఏమీ మిగలదు. "చీల్చొద్దు, పైన గొట్టం రెండంగుళాలు ఉంచు" అని చెప్పి మూడు గుండెలు తీసుకోండి: ఒకటి ఇంట్లో సాధనకు, రెండు హాల్లో చూపించడానికి. ఐసు మీద పెట్టాలి కానీ గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి గడ్డకట్టి కరిగిన కండ మెత్తబడిపోయి సరిగ్గా తెగదు. వాడబోయే ముందు కుళాయి కింద పట్టి, పిండుతూ లోపలి రక్తపు గడ్డలు పోయేదాకా కడగండి.

స్టీలు పళ్లెం, గ్లౌజులు, పదునైన కత్తెర, కత్తి, 10 మి.లీ. సిరంజి, ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ గొట్టం, నీలం సిరా కలిపిన నీళ్లు, సూదీ దారం ఉంటే చాలు. వెనకవాళ్లకు కనిపించాలంటే ఫోన్‌ను పళ్లెం మీదుగా స్టాండుకి బిగించి టీవీకి కలపండి.

మొదట గుండెను అరచేతిలో పెట్టుకుని నొక్కించండి. గట్టిగా ఉన్నది ఎడమ వైపు, మెత్తగా వంగేది కుడి. తర్వాత మహాధమని గొట్టంలో పైనుంచి మామూలు నీళ్లు పోయండి. మూడు జేబుల కవాటం మూసుకుని నీళ్లు నిలబడతాయి. కారిపోతుంటే కవాటంలో గడ్డ ఇరుక్కుందని అర్థం, మళ్లీ కడగండి.

ఇక అసలు దృశ్యం. ఆ కవాటానికి కాస్త పైన, గొట్టం గోడలో రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. గుండె తన కండకు తాను రక్తం తెచ్చుకునే దారులు అవే. మనిషిలో ఆ నాళాలు 3, 4 మిల్లీమీటర్లు, దాదాపు రీఫిల్ గొట్టమంత. ఎడమ రంధ్రంలో రీఫిల్ దూర్చి, చుట్టూ వేలితో బిగించి పట్టుకుని, సిరా నీళ్లు మెల్లగా ఎక్కించండి. గుండె ముందు భాగంలో కొవ్వు గాడి వెంట నీలం గీత కిందికి పాకుతుంది. జోరుగా తోస్తే పక్కలకు చిమ్ముతుంది. కొవ్వు దట్టంగా ఉంటే ముందే కొంచెం ఒలిచి పెట్టుకోండి.

రెండో గుండెకు ముందే, ఆ గాడి మధ్యలో సూదితో దారాన్ని నాళం కిందుగా పోనిచ్చి ముడి వేసి ఉంచాలి. ఇప్పుడు దానికి సిరా ఎక్కిస్తే నీలం దారం దగ్గర ఆగిపోతుంది, కింది కండ రంగు మారదు. "ఈ కిందిదంతా చచ్చిపోతుంది. గుండెపోటంటే ఇదే" అని చెప్పి కాసేపు ఊరుకోండి. కింది భాగమూ నీలమైతే ముడి వదులుగా ఉన్నట్టు లేదా నాళాన్ని తప్పించి వేసినట్టు. అందుకే మూడో గుండె సాధనకు అన్నది.

చివరికి కొన నుంచి రెండు వేళ్ల ఎత్తులో అడ్డంగా కోయండి. ఎడమ గది గోడ కుడిదానికి దాదాపు మూడింతలు మందం. కుడివైపు రక్తాన్ని పక్కనున్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు, ఎడమది ఒళ్లంతటికీ తోయాలి.

కోతకు ముందో తర్వాతో లెక్క ఒకటి చేయించండి. టీ కప్పుకు 70 మి.లీ. దగ్గర మార్కర్‌తో గీత పెట్టి, రెండు బకెట్ల మధ్య నిమిషంలో డెబ్భై సార్లు నీళ్లు తోడమని ఒక కుర్రాణ్ణి పిలవండి. ఇరవై, ముప్పై దగ్గర చేయి పడిపోతుంది. గుండె ఆ పనే చేస్తుంది, నిమిషానికి సుమారు 5 లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తమూ దాదాపు అంతే. మరి నిమిషం నిమిషానికీ కొత్త రక్తం ఎక్కణ్ణుంచి వస్తోంది? పోయిందే తిరిగి వస్తోంది. 1628లో విలియం హార్వీ రక్తం తిరుగుతుందని ప్రకటించినప్పుడు ఇదే తరహా లెక్క వేశాడు. ఆయన చేతి మీద చూపిన పరీక్షను హాల్లో అందరూ చేసుకోవచ్చు. మోచేతి పైన తువ్వాలు ఓ మాదిరిగా బిగిస్తే ముంజేతి మీద సిరలు ఉబ్బుతాయి. ఒక సిరను వేలితో నొక్కిపట్టి, ఇంకో వేలితో అక్కణ్ణుంచి మోచేతి వైపు తుడవండి. ఆ ముక్క ఖాళీగానే ఉంటుంది, పైనుంచి రక్తం వెనక్కి దిగదు. కింది వేలు తీయగానే నిండుతుంది. నిమిషం దాటకుండా తువ్వాలు విప్పించండి.

గ్యాసా, గుండెపోటా

హాల్లో ఎక్కువ మందికి కావలసింది ఇదే, కాబట్టి సూటిగా చెప్పండి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు నొప్పి. ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకడం. చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం. షుగరున్నవాళ్లలో, ఆడవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. ఇంట్లో కూర్చుని తేల్చుకునే మార్గం లేదు, ఆసుపత్రిలో ఈసీజీ, రక్త పరీక్ష చేస్తేనే తేలుతుంది. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి.

ఊళ్లో చాలామంది మొదట వెళ్లేది ఆర్ఎంపీ దగ్గరికి. గ్యాస్ ఇంజెక్షన్ చేయించుకుని, తగ్గుతుందేమోనని చూస్తూ తెల్లారుతుంది. దీని మీద వేదికెక్కి ఆర్ఎంపీలను దులిపేయడం తేలిక, ఫలితం సున్నా. వాళ్లను పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఛాతీ నొప్పితో ఎవరొచ్చినా ముందు 108కి ఫోన్ చేయాలన్న మాట వాళ్ల చెవిన పడితే, మీ ఉపన్యాసం వినని ఇళ్లకూ చేరుతుంది.

ఆస్పిరిన్ సంగతి చెప్పి తీరాలి, జాగ్రత్తగా చెప్పాలి. 300 మి.గ్రా. నమిలి మింగాలి, నమలకుండా మింగేయడం కాదు. ఆస్పిరిన్ పడనివాళ్లకు, కడుపులో పుండుతో రక్తం పోతున్నవాళ్లకు వద్దు. 108లో అడిగి ఇవ్వడం మంచిది. నాలుక కింద పెట్టే గుండెనొప్పి మాత్ర సార్బిట్రేట్‌ను పక్కింటివాళ్ల దగ్గర తెచ్చి పెట్టొద్దని గట్టిగా చెప్పండి. బీపీ ఒక్కసారిగా పడిపోయి మనిషి కూలిపోవచ్చు.

దిండ్ల మీద సీపీఆర్

గుండెపోటూ, గుండె ఆగిపోవడమూ ఒకటి కాదని ఇక్కడ విడదీయాలి. గుండెపోటులో మనిషి చాలావరకు మెలకువగానే ఉంటాడు, అతనికి ఛాతీ నొక్కకూడదు. గుండె ఆగితే కుప్పకూలతాడు, పిలిచినా భుజం తట్టినా పలకడు, శ్వాస ఉండదు. అప్పుడు ఛాతీ నొక్కుతూ రక్తాన్ని ఆడించడమే సీపీఆర్. ఆగి ఆగి గురకలా వచ్చే ఎగశ్వాసను శ్వాస అనుకుని చాలామంది చేతులు కట్టుకుంటారు. ఆ శబ్దం మీరే చేసి వినిపించండి.

బొమ్మలు దొరక్కపోతే గట్టి దిండు గలీబులో, దూది మధ్య, మూత బిగించిన ఖాళీ లీటరు నీళ్ల సీసా అడ్డంగా పెట్టి కుట్టండి. చాప పరిచి నేల మీదే చేయించాలి. నవారు మంచం మీద నొక్కితే మంచమే దిగుతుంది, ఛాతీ కాదు. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ, దాని మీద రెండో చేయి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. అలసినవాళ్లు చేతుల మీద బరువు తీయకుండా వాలిపోతారు, అప్పుడు గుండెలోకి రక్తం నిండదు. ఒకటి, రెండు అని తెలుగులో పైకి లెక్కపెట్టిస్తే పది దాటగానే అంకెలు పొడవై వేగం పడిపోతుంది. ఫోన్లో మెట్రోనోమ్ (ఒకే వేగంతో టిక్కుటిక్కుమనే యాప్) నిమిషానికి 110 దగ్గర పెట్టి మైకుకు ఆనించండి.

అరవై మందికి నాలుగు దిండ్లు, మనిషికి నిమిషం, మార్పిడితో కలిపి అరగంట. ఆడవాళ్లకు రెండు దిండ్లు విడిగా వేసి ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో అక్కడ నిలబెట్టండి, లేకపోతే చీర కట్టుకున్నవాళ్లు వెనక్కి తగ్గుతారు. మోకాళ్లు వంగనివాళ్లకు 108కి ఫోన్ చేసే పాత్ర ఇవ్వండి: ఊరు, వీధి, గుర్తు, "మనిషి పలకడం లేదు", ఫోన్ స్పీకర్‌లో. నిజం మనుషుల మీద సాధన మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ప్రశ్నలు

చీటీల మీద రాయించుకోండి. మైకు ఇస్తే మొదటివాడు తన ఈసీజీ కాగితం విప్పుతాడు, సభ అక్కడితో ఓపీ అయిపోతుంది. ఎవరి మందు డోసూ వేదిక మీద మార్చకండి. "గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందట" అన్న వాట్సాప్ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆగదు, దగ్గుతూ కూర్చుంటే ఫోన్ చేయాల్సిన నిమిషాలు పోతాయి. "పక్కటెముకలు విరిగితే?" అంటారు. విరగొచ్చు, విరిగినా ఆపకూడదు. ఆరోగ్యశ్రీ, కార్డుల ప్రశ్నలకు దాని సంగతి తెలిసిన మనిషిని వేరే కూర్చోబెట్టండి, మీరు ఊహించి చెప్పకండి.

స్లయిడ్లు వాడితే పీడీఎఫ్‌గా తెచ్చుకోండి. అక్కడి ల్యాప్‌టాప్‌లో ఫాంటు లేకపోతే ఒత్తులు విడిపోయి తెలుగు చదవలేరు. కరెంటు పోయినా దిండ్లు, గుండె, చార్టు ఉంటాయి కాబట్టి సభ ఆగదు.

సీపీఆర్ చేతికి పట్టుబడ్డా కొన్ని నెలల్లోనే లోతు, వేగం తప్పుతాయి. మూడు నుంచి ఆరు నెలల్లో అదే హాల్లో మళ్లీ దిండ్లు వేయండి. రెండోసారి గుండె కోయక్కర్లేదు, ముప్పావు గంట చాలు. చార్టు మీది ఆసుపత్రి ఫోన్ నంబర్లు మాత్రం ముందురోజు మళ్లీ మోగించి చూసుకోండి.