అమెరికా అంతర్యుద్ధాన్ని బట్టీ పట్టకుండా అర్థం చేసుకోవడం ఎలా

మొదటిసారి అమెరికా అంతర్యుద్ధం చదివినప్పుడు నేను చేసిన పని, యుద్ధాల పేర్లన్నీ తేదీలతో సహా ఒక కాగితం మీద రాసుకుని బట్టీ కొట్టడం. వారం తిరిగేసరికి అంతా కలగాపులగం. పైగా బుల్ రన్, మనాసస్ అనేవి రెండు వేర్వేరు యుద్ధాలనుకుని చాలాకాలం గడిపేశాను, రెండూ ఒకటేనని తెలిసిన రోజు ఆ కాగితం చింపేశాను. ఆ తర్వాత పనికొచ్చిన పద్ధతి ఇది.

దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోవడంతో 1861 నుంచి 1865 దాకా ఉత్తరాదికీ వాటికీ మధ్య జరిగిన యుద్ధం ఇది. ముందు కారణం దగ్గర తేల్చుకోండి. "అది రాష్ట్రాల హక్కుల గొడవ, బానిసత్వం ఒక సాకు" అనేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. వాళ్లతో వాదన ఎందుకు, విడిపోయిన రాష్ట్రాలు అప్పట్లో ఏం రాసుకున్నాయో చూస్తే చాలు. మిసిసిపీ రాష్ట్రం తన ప్రకటనలో తమ వైఖరి పూర్తిగా బానిసత్వ వ్యవస్థతోనే ముడిపడి ఉందని నేరుగా రాసేసింది. విడిపోయిన రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానాలో మాట్లాడుతూ, నల్లవాళ్లు తెల్లవాళ్లకు సమానం కాదన్నదే తమ ప్రభుత్వానికి పునాదిరాయి అన్నాడు. 1860 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు 40 లక్షల మంది. అయితే ఉత్తరాది మొదట యుద్ధానికి దిగింది వాళ్లని విడిపించడానికి కాదు, దేశం ముక్కలవకుండా ఆపడానికి. మరి ఆ లక్ష్యం ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు? ఈ ప్రశ్న పట్టుకుని చదివితే సగం పని అయిపోయినట్టే.

తర్వాత మ్యాప్. ఒక ఖాళీ మ్యాప్ తీసుకుని ఉత్తరాది రాజధాని వాషింగ్టన్, కాన్ఫెడరసీ రాజధాని రిచ్‌మండ్ గుర్తు పెట్టండి. రెండు రాజధానుల మధ్య దూరం దాదాపు 160 కిలోమీటర్లే. మిసిసిపీ నదిని మందంగా గీయండి, అట్లాంటా దగ్గర ఒక చుక్క పెట్టండి. కాన్ఫెడరసీలో చేరిన 11 రాష్ట్రాలకు ఒక రంగు, కెంటకీ, మిస్సోరీ, మేరీలాండ్, డెలావేర్‌లకు ఇంకో రంగు వెయ్యండి. ఈ నాలుగింటిలో బానిసత్వం ఉంది, అయినా అవి యూనియన్‌లోనే, అంటే ఉత్తరాది వైపే, ఉండిపోయాయి. అధ్యక్షుడు లింకన్ మొదటి ఏడాదిన్నర అంత ఆచితూచి మాట్లాడటానికి వీటి భయం ఒక పెద్ద కారణం. ఈ రంగు చివర్లో మళ్లీ పనికొస్తుంది, చెరిపెయ్యకండి.

పేర్ల టెన్షన్ తగ్గించుకోవడానికి ఒక చిట్కా: ఉత్తరాదివాళ్లు ఎక్కువగా దగ్గర్లో ఉన్న వాగు పేరు పెట్టేవాళ్లు, దక్షిణాదివాళ్లు ఊరి పేరు పెట్టేవాళ్లు. బుల్ రన్ వాగు, మనాసస్ ఊరు. యాంటీటం వాగు, షార్ప్స్‌బర్గ్ ఊరు. ప్రతిసారీ ఇలాగే ఉండదు గానీ చాలావరకు పనిచేస్తుంది.

లెక్కల దగ్గర ఇంకో జాగ్రత్త. క్యాజువాల్టీస్ అంటే చనిపోయినవాళ్లు మాత్రమే కాదు, గాయపడినవాళ్లు, పట్టుబడినవాళ్లు, కనపడకుండా పోయినవాళ్లు అందరూ కలిపి. యాంటీటంలో ఒక్కరోజులో 23 వేల మంది చచ్చిపోయారని రాస్తుంటారు, అది తప్పు. యుద్ధభూమిలో చనిపోయింది 3,600 పైచిలుకు, మిగతా లెక్కంతా గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు. యుద్ధం మొత్తంలో చనిపోయినవాళ్లని 6,20,000 అని చాలాకాలం చెప్పేవారు, ఈమధ్య పరిశోధకులు అది ఇంకా ఎక్కువే అంటున్నారు. వీళ్లలో తూటాకంటే రోగాలకు పోయినవాళ్లే ఎక్కువ.

ఇక అసలు పద్ధతి. ఏ ఘటన చదివినా దానికో కాగితం తీసుకుని మూడే మూడు లైన్లు రాయండి: ముందురోజు పరిస్థితి ఏంటి, మర్నాడు ఏం మారింది, బానిసలుగా ఉన్నవాళ్లకు దీనివల్ల ఏమైంది. ఎవరు గెలిచారన్నది ఈ మూడింటిలో లేదు, కావాలనే వదిలేశాను. రెండో లైను ఖాళీగా మిగిలిందంటే ఎంత రక్తం పారినా అది మలుపు కాదు. 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర యూనియన్ ఘోరంగా ఓడింది, కానీ మర్నాడు రెండు సైన్యాలూ ఇంచుమించు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మొదటి కాగితం యుద్ధం మొదలైన ఫోర్ట్ సమ్టర్‌కి, 1861 ఏప్రిల్ 12. రెండోది చాలామంది అసలు రాయనిది. అదే ఏడాది మే నెలలో వర్జీనియాలో ముగ్గురు బానిసలు తప్పించుకుని, యూనియన్ చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రోకి వచ్చారు. వాళ్ల యజమాని తరఫు మనిషి వచ్చి, పారిపోయిన బానిసల చట్టం ప్రకారం వాళ్లని తిరిగిచ్చెయ్యమన్నాడు. అక్కడి జనరల్ బెంజమిన్ బట్లర్ వకీలు కూడా. మీరు వేరే దేశం అయిపోయామంటున్నారుగా, ఇక మా చట్టం మీకెందుకు వర్తిస్తుందని, శత్రువు యుద్ధానికి వాడుకునే సొత్తు కింద లెక్కగట్టి వాళ్లని ఉంచేసుకున్నాడు. ఆ కబురు పాకి, కొద్దిరోజుల్లోనే జనం గుంపులు గుంపులుగా ఆ కోటకి రావడం మొదలైంది. ఒక్క తూటా పేలలేదు గానీ నా లెక్కలో బుల్ రన్‌కంటే ఇది పెద్ద మలుపు, లక్ష్యం మారడం ఇక్కడే మొదలైంది.

యాంటీటం దగ్గర ఎక్కువసేపు ఆగండి. 1862 వేసవిలోనే లింకన్ బానిసల విముక్తి ప్రకటన రాసి పెట్టుకున్నాడు, కానీ ఓటముల మధ్య విడుదల చేస్తే దిక్కుతోచక చేసినట్టుంటుందని, ఒక గెలుపు దాకా ఆగమని విదేశాంగ మంత్రి సీవర్డ్ సలహా ఇచ్చాడు. సెప్టెంబరులో కాన్ఫెడరసీ సేనాని రాబర్ట్ లీ మేరీలాండ్‌లోకి చొరబడ్డాడు. ఆయన సైన్యాన్ని ఎలా విడగొట్టాడో రాసున్న ఆదేశం, మూడు పొగాకు చుట్టలకి చుట్టి ఉన్న కాగితం రూపంలో, యూనియన్ సైనికులకి గడ్డిలో దొరికింది! అంత అదృష్టం ఒళ్లో పడ్డా యూనియన్ సేనాని మెక్‌క్లెల్లన్ తాపీగానే కదిలాడు. 17వ తేదీన రోజంతా నరుక్కున్నాక కూడా ఎవరిదీ స్పష్టమైన గెలుపు కాదు, కాకపోతే మర్నాటి రాత్రి లీ వెనక్కి వెళ్లిపోయాడు. లింకన్‌కి అది చాలు. 22న ప్రకటన బయటికొచ్చింది, 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. తిరుగుబాటు ప్రాంతాలకే వర్తిస్తుంది, మీరు వేరే రంగు వేసిన సరిహద్దు రాష్ట్రాలకు కాదు. అయినా నల్లవాళ్లని సైన్యంలో చేర్చుకోవడానికి తలుపు తెరిచింది, దాదాపు 1,80,000 మంది చేరారు. బ్రిటన్ కాన్ఫెడరసీని గుర్తించే అవకాశం కూడా దీనితో బాగా సన్నగిల్లింది. మీ రెండో లైను, మూడో లైను రెండూ నిండిపోతాయి ఇక్కడ.

1863 జులైలో గెటిస్‌బర్గ్‌నీ విక్స్‌బర్గ్‌నీ విడివిడిగా చదవకండి, ఒకే కాగితం మీద పెట్టండి. జులై 1 నుంచి 3 దాకా పెన్సిల్వేనియాలో లీ దాడి విఫలమైంది. 4న, ఎక్కడో మిసిసిపీ ఒడ్డున, 47 రోజుల ముట్టడి తర్వాత విక్స్‌బర్గ్ యూనియన్ సేనాని గ్రాంట్‌కి లొంగిపోయింది, దాదాపు 30 వేల మంది సైనికులతో సహా. ఐదు రోజులకి అదే నది మీదున్న పోర్ట్ హడ్సన్ కూడా పడిపోవడంతో నది మొత్తం యూనియన్ చేతికొచ్చింది, కాన్ఫెడరసీ రెండు ముక్కలైంది. గెటిస్‌బర్గ్‌కి వచ్చిన పేరు విక్స్‌బర్గ్‌కి రాలేదు. మ్యాప్ ముందు పెట్టుకుంటే మాత్రం నా ఓటు విక్స్‌బర్గ్‌కే.

1864 మేలో వైల్డర్‌నెస్ అడవిలో గ్రాంట్ రెండు రోజుల్లో, చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి, 17 వేలమందికి పైగా పోగొట్టుకున్నాడు. లెక్క చూస్తే ఓటమే. అంతకుముందు ఇలాంటి దెబ్బ తిన్న సేనానులు సర్దుకుని వెనక్కి వెళ్లేవాళ్లు, ఈయన మాత్రం రాత్రికి రాత్రి సైన్యాన్ని దక్షిణానికి మళ్లించాడు. అటు తిరగగానే సైనికులు కేకలు పెట్టారట, సంతోషంతో.

అట్లాంటా ముఖ్యం ఎందుకో తెలియాలంటే ఆగస్టు 23 నుంచి మొదలుపెట్టండి. ఆ రోజు లింకన్, తాను ఎన్నికల్లో ఓడిపోయేలాగే ఉన్నానని ఒక కాగితం మీద రాసి, మడిచి, లోపల ఏముందో చూపించకుండానే మంత్రులతో సంతకాలు పెట్టించాడు. పది రోజులకి, సెప్టెంబరు 2న, అట్లాంటా యూనియన్ సేనాని షెర్మన్ చేతికి చిక్కింది. నవంబరులో లింకన్ గెలిచాడు, ఓడింది ఎవరో కాదు, యాంటీటం మెక్‌క్లెల్లనే. బానిసత్వాన్ని రద్దు చేసే 13వ సవరణ ప్రతినిధుల సభలో 1865 జనవరి 31న గట్టెక్కింది.

1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లీ లొంగిపోయింది విల్మర్ మెక్‌లీన్ అనే ఆయన ఇంటి ముందుగదిలో. 1861 బుల్ రన్ కూడా ఈయన పొలం చుట్టుపక్కలే జరిగింది, ఆ తర్వాత ఇక్కడికి మారాడు పాపం. చాలామంది నోట్సు ఇక్కడే ఆపేస్తారు, మీరు ఆపకండి. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో విముక్తి ఆదేశం చదివింది జూన్ 19న. ఇక వేరే రంగు వేసిన ఆ నాలుగు రాష్ట్రాలు చూడండి: మేరీలాండ్, మిస్సోరీ యుద్ధం ముగియకముందే సొంతంగా బానిసత్వం రద్దు చేసుకున్నాయి. కెంటకీ, డెలావేర్ చేసుకోలేదు. అక్కడ మిగిలిన బానిసలకి చట్టం ప్రకారం విడుదల దొరికింది ఆ ఏడాది డిసెంబరులో, 13వ సవరణ అమల్లోకి వచ్చాకే. మీ చివరి కాగితం మీద తేదీ అది వెయ్యండి.