ప్రొబేషన్, పెరోల్‌పై ఉన్నవారి ఇంటికి పర్యవేక్షణ అధికారి మొదటిసారి వెళ్లే ముందు జాగ్రత్తలు

• ఉత్తర్వు కాపీ పూర్తిగా చదవండి. ప్రొబేషన్ అంటే జైలుకు పంపకుండా షరతులతో బయట ఉండనివ్వడం; ఆ షరతులు కోర్టు పెట్టినవి. పెరోల్ అంటే శిక్ష ముగియకముందే షరతులతో విడుదల కావడం. ఉత్తర్వులో లేని షరతును మీరు నోటిమాటగా కలపకూడదు.

• రిస్క్ అంచనా (అతను మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతో లెక్కగట్టింది) తాజాగా ఉందా? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 1990లో ఆండ్రూస్, బొంటా, హోజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిన సూత్రం ప్రకారం పర్యవేక్షణ తీవ్రత రిస్క్ స్థాయికి తగ్గట్టు ఉండాలి. రిస్క్ తక్కువున్న మనిషిని మాటిమాటికీ పిలిపిస్తే ఉద్యోగం పోతుంది, ఇంట్లో టెన్షన్ పెరుగుతుంది. అతన్ని దారిలో నిలబెట్టేవి ఉద్యోగం, కుటుంబమే కదా! అందుకే పని వేళలు కనుక్కుని, వాటికి అడ్డం రాని సమయం ఎంచుకోండి.

• బాధితురాలు అదే ఇంట్లో ఉంటే ఆమెతో విడిగా, సురక్షితంగా మాట్లాడే ఏర్పాటు ముందే చూసుకోండి. ఆమె చెప్పింది అతని ముందు ఎత్తకండి.

• ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఆఫీసులో చెప్పండి. ఫోన్ ఛార్జింగ్ చూసుకోండి. గతంలో హింస ఉంటే ఒంటరిగా వెళ్లొద్దు.

• ఇరుగుపొరుగును అడ్రస్ అడగాల్సి వస్తే కేసు ఊసెత్తకండి.

• ఉల్లంఘన కనిపిస్తే వాదించకండి. చూసింది చూసినట్టు, తేదీ, సమయంతో రాసుకోండి.