జ్ఞాపకంలోని నగరాన్ని నీటిరంగుల్లో నిలపడం

ముందుగా ఫొటో చూడకుండా, మీకు గుర్తున్న చార్మినార్ పరిసరాలను పెన్సిల్‌తో గీయండి. గుర్తురాని చోట్లను ఖాళీగానే వదిలేయండి, ఎందుకంటే కల్పనకు చోటు దొరికేది అక్కడే. ఆ తరువాత అక్కడికి వెళ్లి, 1591 నాటి ఆ కట్టడపు కమానుల ఆకృతిని, నాలుగు మీనార్ల నిష్పత్తిని ఉన్నదున్నట్టు నమోదు చేసుకోండి. ఒక్క కట్టడమైనా నిక్కచ్చిగా ఉంటేనే చూసేవారు మిగతా ఊహను నమ్ముతారని నా గట్టి అభిప్రాయం. నిజాన్నీ ఊహనూ ఇలా కలపడం కొత్తేమీ కాదు: వెనిస్ చిత్రకారుడు కనలెట్టో 18వ శతాబ్దంలో, రియాల్టో వంతెన కోసం వాస్తుశిల్పి పల్లాడియో రూపకల్పన చేసినా ఎన్నడూ కట్టని నమూనాను ఆ నగరపు ప్రధాన కాలువ గ్రాండ్ కెనాల్ మీద నిలిపి చూపాడు.

వేర్వేరు కాలాల కట్టడాలను కలిపేటప్పుడు క్షితిజరేఖ ఒక్కటే ఉండాలి, వెలుగు ఒకే దిక్కు నుంచి పడాలి. ఈ రెండూ తప్పితే బొమ్మ అతుకుల బొంతలా కనిపిస్తుంది. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉన్నది తీసుకోండి. నేను మూసీ నీటిని గాజుల దుకాణాలుండే లాడ్ బజారు గుమ్మాల దాకా తెచ్చిన చిత్రంలో, గాజుల ఎరుపు ఆరకముందే తడి కుంచెతో దాన్ని కిందికి లాగాను. ఆ రంగు నీటిలో వణుకుతూ కరిగిపోయింది. జ్ఞాపకానికి చెందిన భాగాల అంచులను అలా మెత్తగా, కళ్లెదుటి వాస్తవాన్ని పొడి కుంచెతో పదునుగా ఉంచండి.